ఆసు జాగాలో బోళ్ల మిషను

2022 మే 9, సోమవారం

శ్రీదేవి మేడం రాయమంది కాబట్టి రాస్తున్నాను. లేకపోతే నాకు రాత ఎందుకు? పదో తరగతి పరీక్ష తర్వాత సంతకాలు తప్ప ఏమీ రాయలేదు. ఆవిడ భువనగిరి దవాఖానలో చేతులకూ కాళ్లకూ కసరత్తు చేయిస్తుంది. వయసు మా బిడ్డ నవనీతంత, గొంతు మాత్రం హెడ్మాస్టరుది.

"అన్నా, పక్షవాతమొచ్చినంక మొదటి ఆర్నెల్లు బంగారం లెక్క. గా ఆర్నెల్లల్ల ఎంత రాబడితే అంత. దినాం ఏం చేయించినవ్, ఏ వేలు ఎంత గదిలింది, ఒక బుక్కుల రాసి పెట్టు" అంది.

నా పెళ్లాం రోజారమణికి పక్షవాతం మార్చి ఇరవైన వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, సగం మాట పోయాయి. ఇప్పుడు కాలు ఈడుస్తూ నడుస్తోంది. మాట ఒకటీ అరా వస్తోంది. చెయ్యి మాత్రం తనది కానట్టు ఒళ్లో పడి ఉంటోంది. ఇరవై ఆరేళ్లు ఆసు పోసిన చెయ్యి అది. అర్ధచంద్రంలా మేకులు గుచ్చిన చెక్క మీద నూలు పోగును మేకు మేకుకూ తిప్పాలి, ఒక్క చీరకే వేల సార్లు. ఆమె ఆసు పోస్తేనే నేను ఆ నూలుకు చిటికి ముడులు కట్టి, రంగు అద్ది, మగ్గం ఎక్కించేది.

మేడం చెప్పిన పరీక్ష ఇది: బొటనవేలు మిగతా వేళ్ల కొసలను వరసగా తాకాలి. చిటికెనవేలిని తాకిన రోజు పోగు పట్టుకోగలదట.

ఈ రోజు: ఏ వేలూ లేదు.

మే 10

మేడం ఇచ్చిన మెత్తటి బంతిని పిసకడం పది సార్లు. ఏ వేలూ లేదు.

మే 14

బంతిని గోడకు విసిరికొట్టింది, ఎడమ చేత్తో. "పిల్లలాట" అంది. ఆ మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. కోపంలో మాట బాగా వస్తుందని మేడంకు చెప్పాలి.

ఇంకొకటి రాయకూడదనుకున్నాను. చూసేవాళ్లెవరు, రాస్తాను. అంట్లు నేనే కడుగుతున్నాను. మా ఇంట్లో అంట్లు తోమే జాలారి వాకిట్లో ఉంది, నల్లా పక్కన, వాడకట్టు మొత్తానికి కనిపించేలా. అక్కడ కాదు. మధ్యాహ్నం జనం కునుకు తీసే వేళ, వంటింట్లో బకెట్టు పెట్టుకుని, తలుపు మూసుకుని. మా వాడకట్టులో మగవాడు మగ్గం గుంటలో కూర్చుంటాడు గానీ జాలారి దగ్గర కూర్చోడు. మా బాపు కూర్చోలేదు, ఆయన బాపు కూర్చోలేదు. అంట్లు తోమలేదని వాళ్ల కీర్తి ఏమైనా పెరిగిందా అంటే, అదీ లేదు.

మే 22, ఆదివారం

చేనేత సొసైటీ నుంచి నూలు తీసుకుని వచ్చేసరికి రోజా జాలారి దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ఎదురుగా పొద్దుటి గిన్నెలు. కుడి చెయ్యి గ్లాసులో దూర్చి, గ్లాసును ఎడమ చేత్తో తిప్పుతోంది. చెయ్యి తిరగడం లేదు, గ్లాసే తిరుగుతోంది. చీర సగం తడిసింది.

"లే, లే. నేను జూస్కుంట గదా" అన్నాను.

"నేనే" అంది.

"పడిపోతవే."

"నేనే."

అరగంటకు నాలుగు గ్లాసులు, రెండు కంచాలు. మళ్లీ నేను లోపల కడిగాను, ఆమెకు తెలియకుండా.

మే 28

బొటనవేలు చూపుడువేలిని తాకింది. రెండు సార్లు చూశాను. మూడోసారి నవనీతకు ఫోన్లో చూపించాను. జడ్చర్లలో మందుల కంపెనీలో ఉద్యోగం మా బిడ్డకు, హాస్టల్లో ఉంటుంది. ఫోన్లోనే ఏడ్చింది.

జూన్ 5

ఇప్పుడు గ్లాసు కాదు, చెయ్యి తిరుగుతోంది. పీచు జారిపోతే తనే వెతుక్కుంటోంది. తిట్టుకుంటోంది కూడా. గిన్నెను తిడుతుంటే వినడానికి హాయిగా ఉంది.

జూన్ 12

నడిమివేలు!

మేడం సంతోషపడింది. "ఏం చేయిస్తున్నవన్నా?" అని అడిగింది.

"బంతి" అన్నాను.

పక్షవాతం వచ్చిన మనిషితో అంట్లు తోమిస్తున్నానని ఏ నోటితో చెప్పను? అయినా బంతి కూడా అప్పుడప్పుడు చేస్తూనే ఉంది కదా. పూర్తిగా అబద్ధం కాదు.

జూన్ 19

ఎదురింటి బిక్షమ్మక్క మంచిదే. మార్చిలో నెల రోజులు కూర పంపింది. ఈ రోజు వాకిలి ఊడుస్తూ అంది, నాతో కాదు, చీపురుతో అన్నట్టుగా: "సూడు సూడు, చెయ్యి వడిపోయిన మనిషితోని బోళ్లు తోమిపిస్తుండు. మొగుడా, మొద్దా?"

రోజాకు వినపడింది. తల ఎత్తకుండా గిన్నె తోమింది. నాకూ వినపడింది. నేను మాత్రం తల ఎత్తలేకపోయాను.

లోకులు కాకులు. ఇది రాసుకుంటే ధైర్యంగా ఉంటుందేమోనని రాశాను. లేదు.

జూన్ 29

ఉంగరపువేలు. కొసను కాదు, పక్కను. అయినా తాకినట్టే.

సాయంత్రం ఆసు చెక్క దగ్గర నిలబడింది. అది ముందు గదిలో, జాలారి గోడకు ఇవతల, పెళ్లైన ఏడాది నుంచీ అక్కడే ఉంది. దుమ్ము తుడిచింది. ఒక మేకును రెండు వేళ్లతో పట్టుకుంది. నా వైపు చూసి "దసరాకు" అంది.

దసరాకు ఆసు పోస్తుందట. ఇంకేం కావాలి నాకు?

జూలై 3

సొసైటీలో తోటి నేతగాడు పరమేష్ అందరి ముందు అడిగాడు. "ఏందే హన్మంతు, వదినెతోని బోళ్లు తోమిపిస్తున్నవంట? పనిమనిషిని పెట్టుకోరాదు?" పక్కనున్నవాడు, "లేకుంటె నువ్వే కూసో జాలారి కాడ, కొంగు జెక్కుకోని" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. టీ తాగకుండా వచ్చేశాను.

తోమితే ఆడంగి. తోమిస్తే కసాయి. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి.

నవనీతకు ఫోన్ చేశాను. చిన్న వంటిళ్లకని అంట్లు తోమే చిన్న మిషన్లు వస్తున్నాయని, పైపు కూడా అక్కర్లేదని, చెంబుతో నీళ్లు పోస్తే చాలని వాళ్ల హాస్టల్లో ఎవరో చెప్పారట. ఒకటి తెప్పించమన్నాను.

"అమ్మను అడిగినవా బాపు?"

"అమ్మే అడిగింది" అన్నాను.

జూలై 11

నాలుగు రోజులుగా వాన. మగ్గం గుంటలోకి నీళ్లు వచ్చాయి. పని లేదు. రోజా చూరు కింద కూర్చుని తోమింది. వీధి తలుపు దగ్గరకు వేశాను, చలి గాలి కొడుతోందని.

జూలై 16, శనివారం

మిషను వచ్చింది. తెల్లగా, కొత్త పెళ్లికూతురిలా ఉంది. చిన్న వంటింటికని చెప్పారు గానీ మా వంటిల్లు చిన్న దానికంటే చిన్నది. గద్దె మీద పొయ్యి పెట్టాక మిగిలేది రెండు జానల జాగా. తిప్పి చూశాం, పొడుగ్గా పెట్టి చూశాం, పట్టలేదు. ముందు గదిలో అయితే జాలారి గోడ పక్కనే, వాడిన నీళ్లు అటే పోతాయి. అక్కడ ఆసు చెక్క ఉంది. దాన్ని విప్పి సజ్జ మీద పెట్టి, మిషను ఆ జాగాలో పెట్టాను.

రోజా తలుపు పట్టుకుని నిలబడి అంతా చూసింది.

"ఎందుకు?" అంది.

"నీకు రెస్టు గావాలె గదనే. ఇగ నువ్వు తోముడు లేదు, నేను తోముడు లేదు. హాయి."

సజ్జ వైపు చూసి లోపలికి పోయింది. మంచి సామాను చూస్తే మొదట ఎవరైనా అలాగే ఉంటారు. నచ్చినట్టే ఉంది.

జూలై 17

మిషను బాగా తోముతుంది. గంటన్నర పడుతుంది గానీ గ్లాసులు తళతళలాడుతున్నాయి.

బంతి: లేదు.

జూలై 20

బిక్షమ్మక్క చూడడానికి వచ్చింది. మూత తెరిచి లోపలికి తొంగి చూసింది. "ఇద్దరి బోళ్లకు మిషనా! పెండ్లాన్ని జూస్కుంటె గిట్ల జూస్కోవాలె" అంది. పోతూ పోతూ వాడకట్టంతా చెప్పినట్టుంది. సొసైటీలో పరమేష్ తనే టీ తెప్పించాడు.

చాలా రోజుల తర్వాత తల ఎత్తుకుని నడిచాను.

ఉంగరపువేలు అంతే ఉంది. పోలేదు.

జూలై 27

ఈ రోజు ఒక ఘనకార్యం చేశాను. ఎర్ర రంగు కలిపిన గ్లాసును తొందరలో కంచాలతో పాటు మిషనులో పెట్టాను. మూత తీస్తే లోపలంతా ఎరుపు. తెల్ల ప్లాస్టిక్ అంతా పట్టుచీర అంచు రంగు. రంగు ఎంత పక్కాగా పడుతుందంటే, నా అద్దకానికి నేనే మెచ్చుకోవాలి.

రోజా చూసింది. నోటికి ఒక పక్క నుంచి నవ్వింది. ఎన్నాళ్లకు! నేను గట్టిగా నవ్వాను. కానీ ఆమె నవ్వు వెంటనే ఆగింది. ఏదో అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

ఆగస్టు 8

అంతే ఉంది.

ఆగస్టు 19

అంతే ఉంది. బంతి ఇస్తే తీసుకుని పక్కన పెట్టింది. విసిరికొట్టలేదు. విసిరితే బాగుండేది.

ఆగస్టు 23

పొద్దంతా కిటికీ దగ్గర కూర్చుంటోంది. అడిగితే "ఏం లేదు" అంటోంది. మాట మాత్రం మెరుగవుతోంది, అది మంచిదే. విశ్రాంతి దొరికింది కదా, మనసు కూడా నెమ్మదించినట్టుంది.

సెప్టెంబర్ 2

ఉంగరపువేలు లేదు. వానలకు కీళ్లు బిగుసుకున్నాయి, అంతే. ఎండ వస్తే వస్తుంది.

సెప్టెంబర్ 9

ఎండ వచ్చింది.

సెప్టెంబర్ 20

ఈ రోజుకు ఆర్నెల్లు.

సెప్టెంబర్ 25, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు, గునుగు పూలు తెచ్చి రోజా ముందు పోశాను. పోయినేడు వాడకట్టులో అందరికంటే ఎత్తు బతుకమ్మ రోజాదే. ఈ రోజు పూల ముందు కూర్చుంది, ఎడమ చేత్తో ఒక్క పువ్వు తీసి చూసి మళ్లీ కుప్పలో వేసింది. కుడి చెయ్యి కొంగు కింద దాచుకుంది. నాతో దాపరికం ఏమిటి? ఆ చెయ్యి నాకు తెలియదా?

బిక్షమ్మక్క వచ్చి పేర్చింది. ఆటకు రమ్మంటే రోజా తల అడ్డంగా ఊపింది.

అక్టోబర్ 5

దసరా.

అక్టోబర్ 12, బుధవారం

దవాఖానకు పోయాం. జూలై నుంచి వాన అనీ మగ్గం అనీ పోలేదు. మేడం చెయ్యి పట్టుకుని ఒక్కో వేలినీ వంచి చూసింది. చూపుడువేలు మాత్రమే తాకింది, అదీ కష్టంగా. రోజాను లోపల బల్ల మీద పడుకోబెట్టి, నన్ను బయటికి పిలిచింది.

"జూన్ల గంత మంచిగొచ్చింది గదన్నా. ఏమైంది? రాసిన బుక్కేది?"

ఇవ్వలేదు. ఇందులో ఏమేం రాశానో నాకు తెలుసు. నేనే చదివి చెబుతానన్నాను. బెంచీ మీద కూర్చుని పేజీలు తిప్పాను. మే 22, జాలారి. మే 28, చూపుడువేలు. జూన్ 5, చెయ్యి తిరిగింది. జూన్ 12, నడిమివేలు. జూన్ 29, ఉంగరపువేలు. జూలై 16, మిషను. ఆ తర్వాత పేజీ తర్వాత పేజీ, అంతే ఉంది, అంతే ఉంది. నా చేతిరాతే. ఎవరో రాసి నాకిచ్చినట్టు అనిపించింది.

"జూన్ల ఏం చేయించినవన్నా?" మళ్లీ అడిగింది.

"బోళ్లు తోమేది" అన్నాను. "నేను తోమమని చెప్పలే మేడం. ఆమెనే తోమేది."

ఆవిడ ముఖం మారిపోయింది. "గదే గదన్నా కసరత్తు! గ్లాసుల చెయ్యి వెట్టి తిప్పుడు, పీచు పట్టుడు, జారితె మల్ల అందుకొనుడు. గా బంతి నూరు సార్లు పిసికినా గంత రాదు. ఎవలు మాన్పిచ్చిన్రు?"

"మిషనొచ్చింది" అన్నాను. మిషను తనంతట తానే నడిచి వచ్చినట్టు.

మేడం తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఇగ రానే రాదని కాదు. ఇగ మీద కష్టం, వచ్చినా కొంచెమే వస్తది. ఆసు సంగతి మాత్రం మనసుల పెట్టుకోకు" అంది. తర్వాత పేషెంటును పిలిచింది.

అక్టోబర్ 13

రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఎక్కడ రాస్తాను?

రోజా మిషను అడగలేదు. నవనీతకు అబద్ధం చెప్పాను. నచ్చినట్టే ఉందని రాశాను, నచ్చలేదు. చలి గాలని తలుపు వేశానన్నాను, బిక్షమ్మక్కకు కనిపించకూడదని వేశాను. విశ్రాంతి ఆమెకని చెప్పాను. విశ్రాంతి నాకు, నా పరువుకు. సొసైటీలో ఒక గ్లాసు టీ తల ఎత్తుకుని తాగడానికి నా పెళ్లాం చెయ్యి ఇచ్చేశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. కాలింది నా చేతులు కూడా కావు.

అక్టోబర్ 16, ఆదివారం

నవనీత వచ్చింది. అంతా చెప్పాను, అబద్ధంతో సహా. కాసేపు నా ముఖం చూడలేదు. తర్వాత తల్లి పక్కన కూర్చుని అడిగింది. "అమ్మా, మిషనొచ్చినా నువ్వు తోముకుంటనంటె బాపు వద్దంటుండెనా? ఎందుకిడిసిపెట్టినవ్?"

రోజా మెల్లగా, ఒక్కో మాట కూడదీసుకుని చెప్పింది. నేను మగ్గం దగ్గర నిలబడి విన్నాను.

"బాపు... ఆసు తీసిండు గదా. సజ్జ మీద వెట్టిండు. డాక్టరు... చెప్పి ఉంటడు, ఇగ రాదని. నాకు చెప్పలేక... మిషను తెచ్చిండనుకున్న. రాని చెయ్యికి... ఎందుకు తిప్పలని."

"డాక్టరు గట్ల చెప్పలే అమ్మా! ఎవ్వలు చెప్పలే!"

రోజా నా వైపు చూసింది. జూలై నుంచి నన్ను జాలితో చూస్తోందని ఇప్పుడు అర్థమైంది. చెడ్డ కబురు కడుపులో దాచుకుని తిరుగుతున్నాననుకుంది. నన్ను బాధ పెట్టకూడదని ఒక్క మాట కూడా అడగలేదు. నా దగ్గర దాచడానికి కబురే లేదు రోజా. పరమేష్ నవ్వాడని తెచ్చాను. అంతే.

ఈ మాట ఆమెతో అనలేకపోయాను. నవనీత చెప్పింది. విని రోజా కళ్లు మూసుకుంది. ఎడమ చేత్తో కుడి చేతి వేళ్లను ఒక్కొక్కటే నిమురుతూ కూర్చుంది, పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చేదాకా.

అక్టోబర్ 17

మిషను సజ్జ ఎక్కింది. ఆసు చెక్క దిగింది. మేకులు తుడిచి, పాత జాగాలో నిలబెట్టి, ఒక పోగు కూడా మొదటి మేకుకు చుట్టి పెట్టాను.

రోజా తలుపు పట్టుకుని చూసింది.

"ఎందుకు?" అంది.

జూలైలో కూడా ఇదే అడిగింది. అప్పుడు నా దగ్గర అబద్ధమైనా ఉంది.

అక్టోబర్ 21

బంతి: లేదు. చూపుడువేలు మాత్రమే.

అక్టోబర్ 29

చుట్టి పెట్టిన పోగు అలాగే ఉంది. దుమ్ము పట్టింది. నేనే తుడిచాను.

నవంబర్ 6, ఆదివారం

పొద్దున ఎనిమిదింటికి, నల్లా వచ్చే వేళ, వాడకట్టంతా బయట ఉన్నప్పుడు, జాలారి దగ్గర రెండు పీటలు వేశాను. వీధి తలుపు బార్లా తీశాను. రోజాను చెయ్యి పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. పక్కన నేను కూర్చున్నాను. పీచు తడిపి, గ్లాసు ఆమె కుడి చేతికి తొడిగాను.

పడింది.

కడిగి మళ్లీ ఇచ్చాను. పడింది. దొర్లుకుంటూ నల్లా కిందికి పోయింది. తెచ్చి మళ్లీ ఇచ్చాను. వేళ్లు మూసుకోవడానికి చూశాయి, నేను చూశాను, చూపుడువేలు వంగింది, మిగతావి వంగలేదు. పడింది. ఎన్ని సార్లో లెక్క పెట్టలేదు. చప్పుడుకు పక్కింటివాళ్లు బయటికి వచ్చారు.

"ఇంకొక్కసారి రోజా. గీ ఒక్కసారి."

గ్లాసును ఎడమ చేత్తో తీసుకుంది. నా చేతిలో పెట్టింది. నా చేతి వేళ్లను దాని చుట్టూ మూసింది.

"నువ్వే" అంది.

కోపం లేదు ఆ మాటలో. కోపం ఉంటే నేను ఇంకా రాస్తూ ఉండేవాణ్ని, వేళ్ల లెక్క.

అక్కడే కూర్చుని తోమాను. రెండు కంచాలు, నాలుగు గ్లాసులు, అన్నం గిన్నె, పాల గిన్నె. బిందెలతో ఆడవాళ్లు వస్తూ పోతూ ఉన్నారు. పరమేష్ సైకిలు మీద పోతూ చెయ్యి ఊపాడు. బిక్షమ్మక్క కాసేపు చూసి, తన వాకిలి తాను ఊడ్చుకుంది.

ఎవరూ నవ్వలేదు.